ఉత్త నీళ్ల మడులు

నేను ఒక మందు పంపును. పదహారు లీటర్ల నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా, వీపుకు తగిలించుకునే రెండు పట్టీలు, ఎడమ చేతికి ఒక మీట, కుడి చేతికి ఒక గొట్టం, దాని చివర వేలెడంత నాజిల్. ఇంతే నా సంసారం. నేను పక్కన ఉంటే మీరు ముక్కు మూసుకుంటారని నాకు తెలుసు. మూసుకోండి, నాకేం నామోషీ లేదు. మీ ఇంటికొచ్చిన వంకాయలో పుచ్చు లేదంటే అందులో నా చెయ్యి ఉంది. చెయ్యి అంటే మీటే అనుకోండి.

నేను పుట్టిన ఊరి పేరు నాకు తెలియదు. అదొక ఫ్యాక్టరీ. వేడి ప్లాస్టిక్ ముద్దను అచ్చులో పెట్టి, ఊది, చల్లార్చి, పొట్ట మీద ఒక బొమ్మ అంటించి బయటికి తోశారు. ఆ బొమ్మలో తెల్ల చొక్కా వేసుకున్న రైతొకడు నన్ను వీపున వేసుకుని హాయిగా నవ్వుతుంటాడు. ఆ తర్వాత నేను ఎక్కని వీపు లేదు. నన్ను మోస్తూ నవ్విన మనిషిని మాత్రం ఇంతవరకు చూడలేదు. తెల్ల చొక్కా సంగతి అడక్కండి.

ఎరువుల దుకాణంలో ఏడాది పాటు కొక్కేనికి వేలాడాక నన్ను పోశెట్టి కొన్నాడు. నిర్మల్ వైపు పల్లె. మూడెకరాల నల్లరేగడి, వానాకాలం సోయా, చలికాలపు యాసంగికి ఆవాలు. కొన్నది పోశెట్టి అయినా వాడుకున్నది ఊరంతా. పత్తికి ఒకరు తీసుకుపోతారు, మిరపకు ఒకరు, పందిట్లో చిక్కుడుకు ఇంకొకరు. ఒక్కరైనా కడిగి తిరిగి ఇచ్చిన పాపాన పోలేదు. వెళ్లేటప్పుడు కొత్త కోడలిలా వెళ్లి, వచ్చేటప్పుడు వాషరు పోగొట్టుకుని వచ్చేదాన్ని. దాంతో మీట దగ్గర నీరు కారడం మొదలైంది. మోసిన వాళ్ల నడుము తడిసేది, తిట్లు నాకు పడేవి. వాషరు మార్చాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

అప్పటి దాకా నా వృత్తి ఏమిటంటే చంపడం. పురుగును చంపడం, పేనుబంకను చంపడం, గడ్డిని చంపడం. ఏ చేలోకి వెళ్లినా నా రాకకు ఎవరూ సంతోషించేవారు కాదు. అలాంటి నాకు ఒక ఏడు దసరా వెళ్లాక చిత్రమైన పని తగిలింది.

ఆ ఏడు పోశెట్టి చేనుకు హిమబిందు అనే పిల్ల వచ్చింది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పెద్ద చదువు చదువుతోంది. ఆవ మొక్కకు వేళ్ల దగ్గర వేసే ఎరువు కాక, ఆకుల మీద కూడా పోషకాలు పిచికారీ చేస్తే దిగుబడి పెరుగుతుందా లేదా, పెరిగితే ఎంత అన్నది ఆమె తేల్చాల్సిన సంగతి. తేల్చి పుస్తకం రాసి ఇస్తే పట్టా వస్తుంది. ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం అప్పటికే ఆమెకు ఖాయమైంది, జూన్‌లోగా పట్టా చూపించాలన్న షరతు మీద. అంటే చేతిలో ఉన్నది ఒక్క యాసంగే. ఆ ముక్క వచ్చిన మొదటి రోజే చెప్పింది. పోశెట్టి తలాడించాడు. అతని భార్య ముత్తవ్వ మాత్రం ఆ పిల్ల మొహంలోకి చూసి, పొద్దున ఏం తిని బయల్దేరావని అడిగింది.

పరిశోధన కేంద్రంలో పంపులు లేక కాదు. ఉన్నాయట. వాటిని బయటికి తీయడానికి కావలసిన కాగితం మీద సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి సెలవులో ఉన్నాడు. అందుకని నన్ను తీశారు. అంతకు ముందు వారమే నాలో గడ్డి మందు పోశారని తెలిసి హిమబిందు హడలిపోయింది. చుక్క మిగిలినా ఆవ మొక్క మాడిపోతుందని సబ్బు నీళ్లతో ఒకసారి, బట్టల సోడా నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో అయిదుసార్లు కడిగింది. నా బతుకులో నాకు జరిగిన మొదటి తలంటు అదే. వాషరు కూడా మార్చింది. ఆ పిల్ల మీద నాకు అభిమానం కలిగిందంటే తప్పు పట్టకండి.

చేనులో ఒక మూల పన్నెండు మడులు కొలిచి గట్లు కట్టారు. చీటీలు తీసి, ఆరింటికి ఎర్ర గుడ్డ జెండాలు, ఆరింటికి తెల్ల గుడ్డ జెండాలు పాతారు. ఎర్ర జెండా మడికి పోషకాలు కలిపిన నీళ్లు. తెల్ల జెండా మడికి ఉత్త నీళ్లు, పోల్చి చూసుకోవడానికి. ఎర్రవీ తెల్లవీ కలగలిసి పక్కపక్కనే ఉన్నాయి.

నాలో ఏం పోస్తుందా అని నేనూ ఆత్రంగా చూశాను. పంతొమ్మిది-పంతొమ్మిది-పంతొమ్మిది ఎరువు, కాస్త గంధకం, చిటికెడు బోరాన్. కంపు లేదు, మంట లేదు. ముత్తవ్వ పక్కన నిలబడి, ఆకుల మీద పోస్తే మొక్కకెట్లా చేరుతుందని అడిగింది. హిమబిందు ఒక ఆకు తుంచి వెనక్కి తిప్పి, కంటికి కనబడని సన్నటి నోళ్లు ఉంటాయని, వాటితో మొక్క తింటుందని చెప్పింది. చదువుకున్న వాళ్లు విషయాన్ని తేలిక చేసి చెప్పబోయి ఎక్కడ ఇరుక్కుంటారో వాళ్లకే తెలియదు.

"ఆకాకుకు నోరున్నట్టేనా బిడ్డా?" అంది ముత్తవ్వ.

"అవునవ్వా, ఆకుకు వేల నోళ్లు."

ముత్తవ్వ ఆ మాటను మనసులో పెట్టుకుంది. ఆ సంగతి ఆ రోజు ఎవరూ గమనించలేదు.

మొదటి పిచికారీ విత్తిన నెలకు జరిగింది. పోశెట్టి నన్ను వీపున వేసుకున్నాడు. ముందు తెల్ల జెండా మడులకు ఉత్త నీళ్లు, తర్వాత ఎర్ర జెండా మడులకు మందు. మడికి లీటరు చొప్పున ఆరు లీటర్లతో పని అయిపోయింది. పొడులు నా పదహారు లీటర్లకు సరిపడా తూచి తెచ్చినవి కనుక నాలో ఇంకా పది లీటర్లు మిగిలింది. దాన్ని గట్టు అవతల పారబోయమని చెప్పి, నోటుబుక్కులో రాసుకుని, హిమబిందు పోశెట్టి బండెక్కి బస్టాండుకు వెళ్లిపోయింది.

చేలో నేనూ ముత్తవ్వా మిగిలాం. ఆమె నన్ను గట్టు దాకా మోసుకొచ్చి, మూత తీసి, వంచబోయి ఆగింది. తెల్ల జెండా మడుల వైపు చూసింది.

"పంక్తిల కూసోవెట్టి ఆరుగురికి అన్నం వెట్టి, ఆరుగురికి నీళ్ల చెంబు చేతికిస్తరా? మిగిలింది కుక్కలకన్న పెట్టరు, మన్నుల పోస్తరట," అంది. నాతో కాదు, నేను అక్కడ ఉన్నానని కూడా ఆమెకు పట్టలేదు.

ఆ ఊళ్లో బంతికి కూర్చున్న వాళ్లలో ఒకరి విస్తట్లో నెయ్యి వేసి పక్క విస్తరి దాటేస్తే చుట్టరికాలు తెగిపోతాయి. పదిహేనేళ్ల కిందట జరిగిన పెళ్లిలో ఒక వరసకు బూరెలు అందలేదని ఇప్పటికీ మాటల్లేని కుటుంబాలు నాకు రెండు తెలుసు. ముత్తవ్వ ఆ ఊళ్లో పుట్టి ఆ ఊళ్లోనే మెట్టిన మనిషి. మూత బిగించి, కొంగు నడుముకు చుట్టి, నన్ను వీపున వేసుకుంది. ఆరు తెల్ల జెండా మడుల్లోనూ ఆకు ఆకూ తడిసేదాకా పిచికారీ చేసింది. దాటేసిన వరసకు వడ్డించినట్టు, కొంచెం ఎక్కువే చేసింది.

నిజం చెప్పొద్దూ, నాకు భలే సంతోషంగా ఉండింది. ఆమె చేసింది తప్పని నాకు తెలుసు. ప్రయోగమంటే ఏమిటో హిమబిందు పోశెట్టికి పదిసార్లు చెప్పగా పదిసార్లూ విన్నాను. అయినా ఏళ్ల తరబడి చంపిన దాన్ని, ఆ రోజు పన్నెండు మడులకూ అన్నం పెట్టాను. నోరుంటే మాత్రం చెప్పేదాన్నా? అనుమానమే.

మొగ్గ దశలో రెండోసారి, కాయ పడేటప్పుడు మూడోసారి, ఇదే వరస. ముందు శాస్త్రం, తర్వాత బండి చప్పుడు దూరమయ్యాక ముత్తవ్వ.

ఆ చలికాలం చేనంతా పసుపు పరిచినట్టు పూసింది. తేనెటీగలు ఎర్ర జెండా, తెల్ల జెండా అని చూడలేదు. వారానికోసారి వచ్చే హిమబిందు మొహంలో మాత్రం రంగు తగ్గుతూ వచ్చింది. కొమ్మలు లెక్కపెట్టేది, కాయలు లెక్కపెట్టేది, నోటుబుక్కు వెనక్కి ముందుకీ తిప్పేది. తెల్ల జెండా మడులు ఎందుకింత బాగున్నాయో ఆమెకు అంతుపట్టలేదు. నేల బలమేమో అంది. పోశెట్టి ఛాతీ విరుచుకుని, మా నేలంటే ఏమనుకున్నారు మేడం అన్నాడు. ముత్తవ్వ ఆ పిల్లకు మజ్జిగ గ్లాసు అందించి ఊరుకుంది. దాచాలని కాదు. అడగని సంగతి చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

కోత కోసి, మడి మడికీ విడిగా దులిపి, ఎండబెట్టి, వసారాలో కాటా పెట్టి తూచారు. ఎర్ర జెండా మడికి సగటున రెండు కిలోల ఏడు వందల గ్రాములు. తెల్ల జెండా మడికి రెండు కిలోల ఏడు వందల ఇరవై. ఊళ్లో మిగతా చేలన్నిటి కంటే రెండూ ఎక్కువే. పోశెట్టికి కాటా మీద అనుమానం వచ్చి రాయి పెట్టి చూశాడు. కాటా సరిగానే ఉంది. హిమబిందు నోటుబుక్కు మూసి, వసారా మెట్టు మీద కూర్చుని ఏడ్చింది.

ముత్తవ్వ వచ్చి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"దేనికేడుస్తున్నవ్ బిడ్డా? పన్నెండుకు పన్నెండు మంచిగ పండె. ఒక్క మడన్న మోసం జేసిందా?"

"అదే అవ్వా బాధ. తెల్లవి తక్కువ పండాలె."

"ఎట్ల తక్కువ పండుతయ్? వాటికి గూడ పోసిన గద."

నేను కొక్కేనికి వేలాడుతూ, నేలలోకి దిగిపోతే బాగుండుననుకున్నాను. హిమబిందు కళ్లు తుడుచుకుని, ఏం పోశావు, ఎప్పుడు పోశావు, ఎంత పోశావు అని మెల్లగా అడిగింది. ముత్తవ్వ అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె గొంతులో దొంగతనం చేసిన జాడ లేదు. అవతలి మొహం చూశాకే తనేం చేసిందో ఆమెకు అర్థం కావడం మొదలైంది.

పోశెట్టి లేచి నిలబడ్డాడు. "ఆ పిల్ల బతుకు ఆగం జేస్తివి గదనే," అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నయం.

హిమబిందు తన గైడు నాగభూషణం సారుకు ఫోను చేసింది. మా వసారాలో సిగ్నలు అంతంతమాత్రం, స్పీకరు పెడితే గానీ వినపడదు. కాబట్టి ఆ పెద్దమనిషి మాటలు నేనూ విన్నాను. ఆయన ముందు తిట్టారు, తర్వాత చల్లబడ్డారు, చివరికి తండ్రిలా మాట్లాడారు. వచ్చిన అంకెలు వచ్చినట్టు రాసెయ్యమన్నారు. ఆకుల మీద పిచికారీతో ఆవ దిగుబడిలో తేడా లేదని తేలిందని రాస్తే అదీ ఒక ఫలితమే, పట్టాకు అడ్డం కాదన్నారు.

"జూన్‌లో ఉద్యోగం ఉందమ్మా నీకు. ఆవిడ చెప్పింది నేను వినలేదు, నువ్వూ వినలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. మూడుసార్లు ఒళ్లంతా పిండి పన్నెండు మడులు పండిస్తే, నా వల్ల ప్రయోజనం లేదని బంగారు అక్షరాలతో అచ్చేస్తారట! పురుగుల మందు కొట్టిన రోజుల్లో కూడా నన్ను ఇంత మాట ఎవరూ అనలేదు. హిమబిందు ఏమంటుందా అని చెవులు రిక్కించాను. మీ మనుషులకు ఉద్యోగం వదులుకునే ధైర్యం ఎంత ఉంటుందో నాకు తెలుసు, అందుకే పెద్దగా ఆశ పెట్టుకోలేదు.

ఆ పిల్ల ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది. "సార్, నా దగ్గర ఉన్నవి పన్నెండూ మందు కొట్టిన మడులే," అంది. "వాటిని దేంతో పోల్చి తేడా లేదని రాయాలి? అది చదివి రేపు ఎవరో ఒక రైతు కొట్టడం మానేస్తే?"

అవతల సారు ఏదో అన్నారు. ఈమె సరే సార్, మళ్లీ యాసంగికి వేస్తాను సార్ అని ఫోను పెట్టేసింది. అంత మాట అన్నాక మళ్లీ ఏడ్చింది కూడా. ధైర్యమంటే ఏడవకపోవడం అనుకునేదాన్ని, ఆ రోజుతో ఆ భ్రమ పోయింది.

ముత్తవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. హిమబిందు బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుంది.

"వాటికింత పెట్టిననే అనుకున్న బిడ్డా. నీ నోటికాడి బుక్క గుంజుకున్ననని ఎరుకలేకపాయె."

హిమబిందు ఆ చెయ్యి విడిపించుకోలేదు. ఉద్యోగం జూన్‌లో వేరే వాళ్లకు వెళ్లిపోయింది.

ఊరు ఊరుకుంటుందా? పోశెట్టి ఆవాలు చూసి, వచ్చే ఏడు మేమూ కొడతామని ఇరవై మంది తయారయ్యారు. శాస్త్రం ఇంకా తేల్చుకోనే లేదు, దుకాణంలో పంతొమ్మిదుల సంచులు అయిపోయాయి.

మళ్లీ దసరా వెళ్లాక హిమబిందు వచ్చింది. అదే మూల, పన్నెండు మడులు, చీటీలు, జెండాలు. ముత్తవ్వ ఒక్క షరతు పెట్టింది. ఉత్త నీళ్లు పోసే పని తన ఇంట్లో ఎవరూ చేయరు, ఆ పిల్లే చేసుకోవాలి. మిగిలిన పది లీటర్లు మాత్రం గట్టు మీద పారబోయకూడదు, పక్క చేను సాయిలుకు ఇవ్వాలి. అతని చేను ప్రయోగంలో లేదు కనుక సైన్సుకు అభ్యంతరం లేకపోయింది.

అలా ఆ ఏడు నేను హిమబిందు వీపెక్కాను. పట్టీలు భుజాలు కోసుకుపోయాయి, వాషరు మళ్లీ పోయి నడుమంతా తడిసింది. పోషకాలు కొట్టేటప్పుడు చకచకా నడిచేది. ఉత్త నీళ్లప్పుడు మాత్రం అడుగు పడేది కాదు. మూడోసారి పిచికారీకి తెల్ల జెండా మడుల ఆకులు పాలిపోయి, కాయలు పల్చగా ఉన్నాయి. ఆరో మడి దగ్గర ఆమె చెయ్యి మీట మీద ఆగిపోయింది. తూచి తెచ్చిన పోషకాల పొడులు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. చుట్టుపక్కల మనిషి లేడు. ఆమె గుండె కొట్టుకోవడం నా పొట్టకు తెలుస్తూనే ఉంది. చివరికి, ఏమనుకోకండి అని మెల్లగా అని, ఉత్త నీళ్లే కొట్టింది. అంత సైన్సు చదివిన పిల్ల ఆవ మొక్కలకు సంజాయిషీ చెప్పుకోవడం నేను చెవులారా విన్నాను.

ఆ ఏడు కాటా కోరుకున్నట్టే మాట్లాడింది. ఎర్ర జెండా మడికి రెండు కిలోల ఏడు వందలు, తెల్ల జెండా మడికి రెండుంబావు. అయిదో వంతు తేడా. హిమబిందు పోశెట్టి చేతులు పట్టుకుని గిరగిరా తిరిగినంత పని చేసింది. పోశెట్టి ఇదంతా తన నేల గొప్పే అన్నట్టు నిలబడ్డాడు. ముత్తవ్వ తెల్ల జెండా మడుల కుప్ప దగ్గర కూర్చుని గింజలు పిడికిట్లోకి తీసుకుంది. సన్నగా ఉన్నాయనుకుంటా, కాసేపు చూసి మళ్లీ కుప్పలోనే పోసింది.

ఆ ఎండాకాలం నా పొట్ట పగిలింది. పోశెట్టి బ్యాటరీ పంపు కొన్నాడు. పాత సామాన్లవాడు నాకు బదులుగా రెండు కిలోల ఉల్లిగడ్డలు ఇస్తానన్నాడు, ముత్తవ్వ ఒప్పుకోలేదు. ఇంకో అర కిలో వేయమంది, వాడు వేయనన్నాడు, ఆ బేరం అలా తెగక నేను వసారాలోనే ఉండిపోయాను. అభిమానం వల్ల ఉంచిందని రాసుకోవాలని నాకూ ఉంది. మొన్నటి దాకా శాస్త్రం వెంట తిరిగిన దాన్ని, అబద్ధం రాయలేను.

ఒక మధ్యాహ్నం హిమబిందు వచ్చింది. పట్టా వచ్చిందని, ఇంకో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నానని చెప్పింది. అట్ట మీద బంగారు అక్షరాలున్న లావు పుస్తకం ముత్తవ్వ ఒళ్లో పెట్టింది. మొదటి పేజీల్లో పోశెట్టి పేరూ ముత్తవ్వ పేరూ ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించింది. ముత్తవ్వ ఆ అక్షరాలను తడిమి, పేజీలు తిప్పి, అంకెలున్న చోట ఆగింది. ఆ తెల్ల జెండాల మడుల గురించి ఏం రాశావని అడిగింది. తక్కువ పండాయని రాశానంది హిమబిందు.

"తక్కువ పండినయని రాసినవ్. మనం పెట్టలేదని రాసినవా?"

హిమబిందు రాయకపోలేదు. ఉత్త నీళ్లు పిచికారీ చేశామని ఎక్కడో ఒక చోట ఉంది. ముత్తవ్వ అడుగుతున్నది అది కాదని ఆమెకు తెలిసింది. సంచీలోంచి పెన్ను తీసి, ఆ అంకెల కింద ఖాళీలో రెండు ముక్కలు రాసి, పైకి చదివింది. "ఈ ఆరు మడుల తప్పేం లేదు. మేమే పెట్టలేదు."

ముత్తవ్వ ఇంకోసారి చదవమంది. రెండోసారి విన్నాక పుస్తకం మూసి, ఉతికిన తువ్వాలలో చుట్టి, లోపల గూట్లో పెట్టి వచ్చింది. యూనివర్సిటీకి ఇచ్చిన పుస్తకాల్లో ఆ మాట లేదని హిమబిందే చెప్పింది. అది ఉన్న పుస్తకం లోకంలో ఒక్కటే, చదువు రాని ముత్తవ్వ ఇంట్లో ఉంది.